కిటికీ పక్క ఎలుకలు

రెండు వేల పదిహేను మార్చిలో నన్ను సింగపూర్ వన్-నార్త్‌లోని ఒక జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఎలుకల విభాగానికి బాధ్యురాలిగా నియమించారు. సంస్థ పేరు ఇక్కడ రాయను. మాది బందరు దగ్గరి పల్లె, నేను చదివింది పశువైద్యం. ఊళ్లో గేదెలకి సూదులు వేస్తూ స్థిరపడుతుందని మా నాన్న అనుకున్నాడు. నేనేమో ఉద్యోగమంతా అరచేతిలో పట్టే ఎలుకలకి సేవ చేసి రిటైరయ్యాను.

నా పదవికి అక్కడి పేరు అటెండింగ్ వెటర్నేరియన్. చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. జీతంలోనూ మర్యాదలోనూ శాస్త్రవేత్తల తర్వాతే మా వరస. కాని ఒక్క విషయంలో మా మాటకి తిరుగులేదు. ప్రయోగం శాస్త్రవేత్తది, జంతువు క్షేమం మాది. ఎలుకకి హాని జరుగుతోందని నాకు అనిపిస్తే ఎంతటివాడి ప్రయోగాన్నయినా నిబంధనల ప్రకారం ఆపించవచ్చు. ఎలుకల కోసం ఉన్న ఆ అధికారాన్ని నా సర్వీసులో ఒక్కసారి ఒక మనిషి కోసం బయటికి తీయాల్సి వచ్చింది. ఆ సంగతి కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

నేను చేరేసరికే అక్కడ ఒంటి కొవ్వు మీద పెద్ద ప్రాజెక్టు నడుస్తోంది. ఒకే తిండి తిన్నా కొందరికి ఒళ్లొస్తుంది, కొందరికి రాదు. ఇందులో తల్లిదండ్రుల నుంచి వచ్చిన వాటా ఎంత అన్నది ప్రశ్న. మనుషుల్లో ఇది తేల్చడం కష్టం, ఎందుకంటే ఎవరేం తిన్నారో ఎవరూ నిజం చెప్పరు. ఎలుకల్లో అయితే ఒక జీన్‌ని పనిచేయకుండా చేసి, ఆ వంశాన్ని పెంచి చూడవచ్చు. ప్రతి పిల్లకీ ఆ జీన్ ప్రతులు రెండు వస్తాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తల్లికీ తండ్రికీ చెరొక చెడిన ప్రతి ఉంటే, పిల్లల్లో సుమారు నాలుగోవంతుకి రెండూ చెడినవే వస్తాయి, ఇంకో నాలుగోవంతుకి రెండూ మంచివి వస్తాయి, మిగతావి మధ్యరకం. మూడు వారాల వయసులో పిల్లల్ని తల్లి నుంచి విడదీసి, చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం. ఫలితం వచ్చాక రెండు ప్రతులూ చెడినవాటిని ఎర్ర కార్డు తగిలించిన పెట్టెల్లోకీ, మామూలువాటిని తెల్ల కార్డు పెట్టెల్లోకీ మారుస్తాం. రెండు రకాలకీ కొవ్వు కలిపిన ఒకే మేత పెడతాం. వారం వారం ఒక్కొక్క ఎలుకనీ ఒక యంత్రం గొట్టంలో కాసేపు ఉంచితే, ఒంట్లో కొవ్వెంత, కండెంత అని అది విడగొట్టి చెబుతుంది.

మా దగ్గర ఎర్ర కార్డు ఎలుకలు బాగా లావయ్యేవి. తెల్ల కార్డువి సన్నగా ఉండేవి. చూసినవాళ్లెవరైనా, ఇక చెప్పేదేముంది, కొవ్వు జీన్ దొరికేసిందనేవారు.

ఆ ప్రాజెక్టు అధిపతి శ్రీధర్. హైదరాబాద్ మనిషి, వయసులో నాకంటే చాలా చిన్న. చురుకైనవాడు, మాటకారి. అతని చేతికింద నలుగురు రీసెర్చ్ ఫెలోలు, అంటే డాక్టరేట్ పూర్తిచేసి కాంట్రాక్టు మీద పనిచేసే పరిశోధకులు, ఉండేవాళ్లు. ఆఫీసులో నన్ను డాక్టర్ రాజ్యలక్ష్మి అని పిలిచేవాడు. తెలుగువాళ్లం కలిసినచోట మాత్రం అక్కా అనేవాడు. ఆఫీసులో కూడా అక్కా అన్నాడంటే ఏదో పని పడిందని నాకు తెలిసిపోయేది.

ఒక ఉగాదికి టాంపినీస్‌లో మనవాళ్ల సభ జరిగింది. శ్రీధర్‌ని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. అతను తెర మీద మా లావు ఎలుక ఫోటో చూపించి, "మన పొట్టలు మన తప్పు కాదండీ, అంతా జీన్స్‌లోనే ఉంది" అన్నాడు. హాలు దద్దరిల్లిపోయింది. ఆ చప్పట్లు కొట్టిన అంకుల్స్ అందరూ వెంటనే బొబ్బట్ల దగ్గర వరస కట్టారు. నేను ఒక మూల కూర్చుని పళ్లు నూరుకున్నాను. ఎలుకలో కనబడినదాన్ని తీసుకొచ్చి మనిషి పొట్టకి అంటగట్టాలంటే మధ్యలో తేల్చాల్సింది బోలెడంత ఉంది. అది శ్రీధర్‌కి తెలియక కాదు. తెలిసే అన్నాడు, చప్పట్లు వస్తాయని.

ఇక ఆ గది గురించి చెప్పాలి. మా ఎలుకల గదుల్లో మొదటిదానికి కారిడార్ వైపు పెద్ద గాజు కిటికీ ఉండేది. సంస్థకి వచ్చే అతిథుల్ని, కంపెనీలవాళ్లని, కారిడార్‌లో నిలబెట్టి కిటికీలోంచి ఎలుకల్ని చూపించేవారు. గదిలోకి వెళ్లాలంటే స్నానం చేసి, ఒంటిమీది బట్టలన్నీ విడిచి, మేమిచ్చే బట్టలూ, పైన గౌనూ టోపీ మాస్కూ వేసుకోవాలి. అతిథులకి అంత ఓపిక ఎక్కడిది? అతిథుల సంగతి అలా ఉంచండి, శ్రీధరే ఆ గదిలో అడుగుపెట్టి ఏళ్లయింది. తన ఎలుకల్ని తను కూడా కిటికీలోంచే చూసుకునేవాడు.

నేను చేరకముందే అతని మాట మీద ఎర్ర కార్డు పెట్టెలన్నీ కిటికీ పక్కకి చేర్చారు, లావు ఎలుకలు అతిథులకి బాగా కనబడాలని. తెల్ల కార్డువన్నీ గదికి ఆ చివర, చల్లగాలి వచ్చే జాలీ కింద ఉండేవి. ఒక పక్కంతా ఎరుపు, ఒక పక్కంతా తెలుపు. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ఎంత పద్ధతిగా పెట్టారో అని మెచ్చుకుని వెళ్లేవారు. సింగపూర్‌లో వరస చక్కగా ఉంటే సగం పని అయిపోయినట్టే. నేనూ మొదట్లో ఆ వరసని చూసి పెద్దగా ఆలోచించలేదు. బాగుందనే అనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. మొదటి గదిలో గాలి ఫిల్టర్లు మార్చాల్సి వచ్చి, ఆ ప్రాజెక్టులో కొత్తగా పుట్టిన ఎలుకల్ని కొన్ని నెలలపాటు రెండో గదిలో పెంచాం. అది చిన్న గది, కిటికీ లేదు. చోటు తక్కువ కాబట్టి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టె ఇరికించాం. ఎర్ర కార్డూ తెల్ల కార్డూ కలిసిపోయి ఉండేవి. ఆ ఎలుకల పనంతా రత్న చేతుల్లో ఉండేది.

రత్నది ప్రొద్దుటూరు. శ్రీధర్ దగ్గర రీసెర్చ్ ఫెలోగా చేరి అప్పటికి రెండో ఏడు. మితభాషి, పనిలో నిదానం, కాని తప్పు పోయేది కాదు. భర్తకి ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఆమె వర్క్ పాస్ మీదే అతనూ, ఒక్కగానొక్క కూతురూ జురాంగ్ వెస్ట్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవారు. ఆమె కాంట్రాక్టు ఆగిపోతే ముగ్గురూ పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ బ్యాచ్ కొలతలు వచ్చాయి. ఎర్ర కార్డు ఎలుకలు తెల్లవాటికంటే కాస్త లావుగా ఉన్నాయి. కాస్తే. మొదటి గదిలో కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడిన తేడా ఇక్కడ వెతికితే తప్ప దొరకలేదు. రత్న మళ్లీ కొలిచింది. యంత్రం సరిగానే ఉందో లేదో చూసింది. చెవి ముక్కల పరీక్ష రెండోసారి చేయించింది. అంతా సరిగానే ఉంది. కొవ్వు మాత్రం లేదు.

మా వృత్తిలో పాత ఫలితం మళ్లీ రాకపోతే వెతకాల్సిన చోట్లు చాలా ఉంటాయి. శ్రీధర్ ఒక్కచోటే వెతికాడు. రత్న చేతి దోషం అన్నాడు. ఎలుకని మోటుగా పట్టుకుంటే అది బెదిరిపోతుంది, బెదిరిన ఎలుక మేత మానేస్తుంది, చిక్కిపోతుంది. ఇంతవరకు నిజమే. అందుకే ఆ నింద వినడానికి నమ్మదగినట్టుగా ఉంటుంది. మెత్తటి మనిషి మీద వేస్తే అతుక్కుపోతుంది కూడా.

అక్కడితో ఆగినా బాగుండేది. వారపు సమావేశంలో అందరి ముందూ నవ్వుతూ, రత్న రోజూ పొద్దున్నే పూజ చేసి వస్తుందనీ, ఆ అగర్‌బత్తి వాసనకే ఎలుకలు బెంబేలెత్తిపోతున్నాయేమోననీ అన్నాడు. ఎలుకల గదుల్లో సెంటు, ఘాటైన సబ్బులు నిషేధమన్నది నిజం. వాసనకి ఎలుక ముక్కు మహా సున్నితం. కాని స్నానం చేసి, బట్టలన్నీ మార్చుకుని, పైన గౌను తొడుక్కుని వెళ్లే మనిషి దగ్గర పొద్దుటి అగరొత్తి వాసన ఎక్కడ మిగులుతుంది? ఆ గుంపులో మిగతావాళ్లకి అగరొత్తి అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. శ్రీధర్‌కి తెలుసు. వాళ్లింట్లోనూ దేవుడి గూడు ఉంది, వాళ్లావిడా రోజూ వెలిగిస్తుంది. మన ఇంటి సంగతులు తెలిసినవాడు మాత్రమే వేయగలిగిన నింద అది. ఆ మాట నా చెవిన పడిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ మండుతోంది.

నాలుగు రోజుల తర్వాత రత్న నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పొద్దున్న దేవుని దగ్గర ఊదుకడ్డీలు ఎలిగించేది గూడా మానేసినా మేడం. తలకి నూనె పెట్టుకునేది లేదు. పూలు లేవు. అయినా ఆ ఎలకలు బలియకపోతే నేనేం చేసేది?"

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో. ఆ ప్రశ్న నిజంగానే అడుగుతోంది, తనలో ఏదో లోపం ఉందని సగం నమ్మేసి. జూన్ ఆఖరుకి కాంట్రాక్టు అయిపోతుందనీ, పొడిగింపు కోసం శ్రీధర్ రాయాల్సిన పనితీరు నివేదికలో ఎలుకల్ని పట్టుకోవడంలో నైపుణ్యం లేదని రాశాడనీ అప్పుడే చెప్పింది. కూతురు ఆ ఏడు ప్రైమరీ సిక్స్. సెప్టెంబరు, అక్టోబరుల్లో పీఎస్ఎల్ఈ పరీక్ష. సింగపూర్‌లో పిల్లలు ఏ హైస్కూలుకి వెళ్లాలో తేల్చే పరీక్ష అది. జూలైలో దేశం వదిలితే ఆ పిల్ల ఇక్కడ చదివిన చదువుకి అర్థం లేకుండా పోతుంది. ఆ తర్వాత ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల నన్నే అడిగింది, "దెన్ మై పీఎస్ఎల్ఈ హౌ, ఆంటీ?" అని.

ముందుగా నా పని నేను చేశాను. రత్న ఎలుకల్ని ఎలా పట్టుకుంటుందో చూడటం నా విధుల్లో ఉన్నదే. గౌను వేసుకుని వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. తోక పట్టి పైకి లాగకుండా, రెండు చేతులూ దోసిలిగా పట్టి ఎలుకని ఎత్తుతోంది. అది దోసిట్లో తాపీగా మీసాలు దువ్వుకుంటోంది. బెదిరిన ఎలుక ఏం చేస్తుందో నాకు తెలుసు. చేతిలో ఉచ్చ పోస్తుంది, కొరుకుతుంది, వదలగానే మూలకి పరిగెడుతుంది. ఇవేవీ లేవు. ఆ చేతులకి వంక పెట్టినవాడు ఒక్కసారైనా ఈ గదిలోకి వచ్చి చూశాడా?

లోపం మనిషిలో లేకపోతే మరెక్కడుంది? ఫిల్టర్ల పని అయిపోయి, పెట్టెలన్నీ మళ్లీ మొదటి గదికి, మళ్లీ ఆ పాత వరసలోకే చేరాయి. ఒక మధ్యాహ్నం తెల్ల కార్డు పెట్టెల దగ్గర ఒక ఎలుక పంటిని పరీక్షిస్తూ కాసేపు నిలబడ్డాను. మెడ మీద సన్నగా చలి తగిలింది. తల ఎత్తి చూస్తే జాలీ సరిగ్గా నా నెత్తి మీదే ఉంది. కిటికీ దగ్గరికి నడిచాను, అక్కడ చలి లేదు. మళ్లీ జాలీ కిందికి వచ్చాను. చలి.

అక్కడే నాకు నా మీదా, ఆ గదిని కట్టినవాళ్ల మీదా, అన్నిటికంటే ఆ కిటికీ మీదా కోపం వచ్చింది. ఎలుకకి హాయిగా ఉండే వేడి మనకి ఉక్కపోత. సింగపూర్ వీధిలో మధ్యాహ్నం ఉండే వేడి దానికి సరిపోతుంది. మనమేమో గౌనుల్లో చెమటలు పట్టకూడదని గదిని చల్లగా ఉంచుతాం. ఆ చలిలో ఎలుక ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే తిన్నదాంట్లో చాలాభాగం కరిగించేస్తుంది. ఇక గాలి నేరుగా మీద పడే చోట ఉన్నది ఇంకెంత కరిగించాలి? తెల్ల కార్డు ఎలుకలు తిన్నదంతా చలికి ఖర్చుపెట్టి సన్నబడ్డాయి. ఎర్ర కార్డువి అతిథులకి కనబడే వెచ్చటి చోట కూర్చుని లావెక్కాయి. లావు ఎలుకల్ని కిటికీ దగ్గర పెట్టామనుకున్నాం. కిటికీ దగ్గర పెట్టినందువల్ల లావయ్యాయన్నది ఎవరికీ తోచలేదు.

గదిలో ఉష్ణోగ్రత చూపించే మీటరు ఉంది కదా అని మీకు అనుమానం రావచ్చు. ఉంది. అది గది మధ్యలో ఉంది. రెండు చివర్ల సంగతి దానికి పట్టదు. ఖాళీ పెట్టెల్లో చిన్న చిన్న థర్మామీటర్లు పెట్టించి వారం రోజులు చూశాను. జాలీ కింద నిబంధనలు ఒప్పుకునే అడుగు హద్దుకంటే కూడా చలిగా ఉంది. అంటే ఇది ప్రయోగంలో లోపం ఒక్కటే కాదు, ఎలుకల క్షేమానికి సంబంధించిన విషయం. నా పరిధిలోది.

శ్రీధర్ దగ్గరికి వెళ్లి అంకెలు ముందు పెట్టాను. పెట్టెల చోట్లు మారుస్తానని చెప్పాను. ఎర్రవి జాలీ వైపుకి, తెల్లవి కిటికీ వైపుకి. జాలీకి రేకు అడ్డం పెట్టించి గాలిని హద్దులోకి తెస్తాను, అయినా ఆ చివర కొంచెం చల్లగానే ఉంటుంది, కొన్ని వారాలు చూద్దాం అన్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలి, జూన్‌లో ఒక కంపెనీ బృందం వస్తోందనీ, కిటికీ దగ్గర సన్న ఎలుకలు కనబడితే బాగుండదనీ అన్నాడు. నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తన సిద్ధాంతం తప్పేమోనన్న భయం లేదతనికి. కిటికీ ఎలా కనబడుతుందన్నదే బెంగ.

"అక్కా, ఇప్పుడెందుకు ఇవన్నీ కెలుకుతారు? ఆ అమ్మాయికి పని రాదు, అంతే. సింపుల్."

పెట్టెలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది నేనని గుర్తు చేసి వచ్చేశాను. మర్నాడే మార్పించాను. మా సీనియర్ టెక్నీషియన్ సితి, బాస్ తిడతాడని కొంచెం జంకింది. "యూ టెల్ హిమ్ డాక్టర్ సే వన్" అని, అంటే డాక్టరే చెయ్యమన్నారని ఆయనకి మీరే చెప్పండని, నవ్వి, ఆవిడే రేకు కూడా బిగించింది.

ఎనిమిది వారాలు పట్టింది. ఈ వారాల్లో కొలతలు రత్న చేత చేయించలేదు, రేపు దాని మీదా ఒక మాట వస్తుందని. కార్డు రంగు కనబడకుండా పెట్టెలకి అంకెలు మాత్రమే వేసి, వేరే ల్యాబ్ మనిషి చేత కొలిపించాను. జూన్ మొదట్లో కార్డులు తిప్పి చూశాం. జాలీ కిందికి పోయిన ఎర్ర కార్డు ఎలుకలు చిక్కాయి. కిటికీ పక్కకి వచ్చిన తెల్ల కార్డువి బలిశాయి. రెంటికీ మధ్య మిగిలిన తేడా చాలా చిన్నది, రత్నకి రెండో గదిలో వచ్చినంతే. జీన్‌కి అసలు ప్రభావం లేదని నేను అనను. ఉంది. కాని టాంపినీస్‌లో చప్పట్లు కొట్టించుకునేంత లేదు. రత్న కొలిచిందే సరైన కొలత. ఇంతకాలం అబద్ధం చెప్పింది కిటికీ.

ఫలితం చూసి శ్రీధర్ సిగ్గుపడతాడనుకున్నాను. నా అమాయకత్వానికి నాకే నవ్వొస్తుంది. అతను కాగితాలు తిరగేసి, కళ్లు మెరిపించి, ఇది ఇంకా మంచి కథ అన్నాడు. జీన్‌కీ ఉష్ణోగ్రతకీ ఉన్న సంబంధం మీద కొత్త పేపర్ రాయవచ్చన్నాడు. అయిదు నిమిషాల్లో ఆ ఆలోచన తనదే అన్నట్టు మాట్లాడుతున్నాడు. సరే, రాసుకో అన్నాను. రత్న నివేదికలోని ఆ వాక్యం తీసేయమన్నాను. అది ఇప్పటికే సిబ్బంది విభాగానికి వెళ్లిపోయిందనీ, సిస్టమ్‌లో మూసేశారనీ, తన చేతుల్లో లేదనీ అన్నాడు. ఆమెకి ఎలాగూ వేరే చోట దొరుకుతుందిలే అని కూడా అన్నాడు. పని రాదని రాసిన కాగితంతో ఏ చోట దొరుకుతుందో చెప్పలేదు.

ఒకరి ఏళ్ల పని నిజమని తేలాక కూడా, ఆ మనిషిని పనికిరానిదానిగా ఉంచేయడానికి అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు. వాక్యం కొట్టేయడం చేతకాక కాదు. కొట్టేస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుంది. అంతే. నేను లేచి వచ్చేసి, నా గదిలో తలుపు వేసుకుని, నిబంధనల పుస్తకం తెరిచాను. తిట్లతో శ్రీధర్ కదలడని అర్థమైంది. నియమంతో కదిలించాలి.

నియమం ఇదీ. ఎలుకల్ని సరిగ్గా పట్టుకోవడం రాని మనిషి చేత పని చేయించారని ఎవరైనా రాతపూర్వకంగా అంటే, అది జంతువులకి హాని జరిగిందన్న ఆరోపణ. అలాంటి ఆరోపణ వెటర్నేరియన్ దృష్టికి వచ్చాక, జంతు సంక్షేమ కమిటీకి తెలియజేసి విచారణ తెరవడం తప్పనిసరి. విచారణ ముగిసేదాకా ఆ ప్రాజెక్టులో ఎలుకల పని మొత్తం ఆగిపోవాలి. ఆ మనిషికి శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రాజెక్టు అధిపతిదే కాబట్టి మొదట సంజాయిషీ చెప్పుకోవాల్సింది కూడా ఆయనే.

మర్నాడు శ్రీధర్ గదికి వెళ్లి, నిలబడే ఒక్క ప్రశ్న వేశాను. "నువ్వు రాసిన ఆ వాక్యం నిజమా, అబద్ధమా?" నిజమైతే ఈ సాయంత్రమే కమిటీకి పంపుతాను, రేపటి నుంచి నీ గదులకి తాళం. అబద్ధమైతే ఉపసంహరించుకుంటున్నానని రాసి ఇవ్వు.

కంపెనీ బృందం రావడానికి వారం ఉంది.

"మనలో మనకి ఇవన్నీ ఎందుకక్కా? తెలుగువాళ్లం, నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"అగరొత్తి గురించి మీటింగ్‌లో అన్నప్పుడు మనం తెలుగువాళ్లమని గుర్తు రాలేదా? ఇక్కడ నేను నీ అక్కని కాదు. వెటర్నేరియన్ని. రాస్తావా, పంపనా?"

రాశాడు. మూసేశారన్న సిస్టమ్ మధ్యాహ్నానికల్లా తెరుచుకుంది. వాక్యం పోయింది. సిబ్బంది విభాగం రత్న కాంట్రాక్టుని డిసెంబరు ఆఖరుదాకా పొడిగించింది. ఏడాదికి చేయమని అడిగాను, కుదరదన్నారు. అగరొత్తి మాటకి క్షమాపణ చెప్పమని కూడా అడిగాను. సరదాకి అన్నానన్నాడు, ఆ ఒక్కటి ఈనాటికీ చెప్పలేదు.

పిల్ల పరీక్ష రాసింది, అనుకున్న స్కూల్లో సీటొచ్చింది. ఉష్ణోగ్రత పేపర్ అచ్చయింది. ఆరుగురి పేర్లలో రత్న పేరు నాలుగోది. మరుసటి ఉగాదికి శ్రీధర్ మళ్లీ వేదికెక్కి, మన పొట్టలకి జీన్స్‌తో పాటు ఇక్కడి వేడి కూడా కారణమన్నాడు. మళ్లీ చప్పట్లు. మళ్లీ బొబ్బట్లు. నేను తినకుండా ఇంటికి వచ్చేశాను.

మచ్చలేని నివేదిక ఉంది కాబట్టి రత్నకి అదే ప్రాంతంలో వేరే సంస్థలో కొలతల్ని కంప్యూటర్‌లో విశ్లేషించే ఉద్యోగం దొరికింది. ఎలుకల జోలికి మళ్లీ పోలేదు. నేను చూసినవాళ్లలో అంత మంచి చేతులు ఇంకెవరికీ లేవు. అవి ఇప్పుడు కీబోర్డు మీద ఉన్నాయి. రిటైరయ్యాక ఒక శనివారం పొద్దున్నే జురాంగ్ వెస్ట్‌కి వెళ్లాను. వంటింటి పక్కన దేవుడి గూడు శుభ్రంగా ఉంది, దీపం వెలుగుతోంది. అగరొత్తుల స్టాండు ఖాళీగా ఉంది. ఎందుకని అడిగాను.

"అలవాటు పోయింది మేడం. ఎలిగిద్దామని చెయ్యి పోతుంది. మల్లా ఎందుకులే అనిపిస్తాది."

ఇప్పుడు ఆమె ఒంటి వాసన పట్టే ఎలుక ఎక్కడా లేదు. అయినా వెలిగించలేదు.

ఈ ఉదంతం నుంచి నేర్చుకున్నది నేను దిగిపోయే ముందు విభాగం నియమాల్లో చేర్చాను. ఎర్ర కార్డు, తెల్ల కార్డు పెట్టెలు ఒకే వరసలో కలిసి ఉండాలి, నెలకోసారి చోట్లు మారాలి. కొలిచేవారికి కార్డు రంగు తెలియకూడదు. పాత ఫలితం మళ్లీ రాకపోతే ముందు గదిని పరీక్షించాలి, తర్వాత మేతనీ యంత్రాన్నీ, అన్నీ అయ్యాకే మనిషిని. ఈ వరస తిరగేస్తే ఎలుకకీ న్యాయం జరగదు, మనిషికీ జరగదు.

ఆ గాజు కిటికీకి లోపలి నుంచి నల్ల ఫిల్మ్ అంటించాను. అతిథులకి ఏమీ కనబడటం లేదని శ్రీధర్ అభ్యంతరం చెబుతూ మెయిల్ పంపాడు. చూడదలచుకున్నవారు స్నానం చేసి, గౌను తొడుక్కుని ఎప్పుడైనా లోపలికి రావచ్చని జవాబిచ్చాను. నేను రిటైరయ్యేదాకా అతను రాలేదు.